తల్లివేరు

జూన్ 11, 2025, బుధవారం

ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మా పంపరపనసను రైతు పెంచిన రకంగా నమోదు చేయమని పెట్టిన దరఖాస్తు మొదటి పరిశీలన దాటింది. ఇరవై ఐదో తేదీన ఆఫీసరు గారు కడియం వస్తారు. తల్లిచెట్టు చూస్తారు.

మా ఆవిడ ఉషారాణి ఉత్తరాన్ని దేవుడి గదిలో పెట్టింది. నమోదు అయితే ఈ మొక్క ఎవరు అంటు కట్టినా, ఎవరు అమ్మినా మా అనుమతి కావాలి. లేబుల్ మీద ఉండేది నాన్నగారి పేరు. వీరవెంకటసత్యనారాయణ అని పూర్తిగా రాస్తే చోటు చాలదని మొదట్లోనే 'వీవీఎస్ పంపర' అని కుదించాం. రెండెకరాల నర్సరీ పదమూడేళ్ళలో పదకొండెకరాలు కావడానికి ఈ మొక్కే కారణం. గులాబీలూ క్రోటన్లూ అందరి దగ్గరా ఉన్నాయి.

నాన్నగారు గింజ నుంచి పెంచిన చెట్టు. అందరికీ తెలిసిన సంగతే.

వాన రెండుసార్లు పడింది. అంటు కట్టే రోజులు మొదలయ్యాయి.

జూన్ 12

నిన్న రాసింది చదివాను. ఫారంలో రాసిన వాక్యాన్నే ఇక్కడా రాశాను. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు.

గింజ నాటింది ఆశీర్వాదం. వేసవిలో మాకు ఒండ్రుమట్టి తోలేవాడు, వానాకాలం ఊడ్పులకి వెళ్ళేవాడు. లూథరన్ చర్చి వెనక వాళ్ళ ఇల్లు, పెరట్లో చెట్టు. 2007 వినాయక చవితికి పాలవెల్లికి కట్టుకోమని నాన్నగారికి ఒక కాయ తెచ్చి ఇచ్చాడు. మర్నాడు కోస్తే లోపల ఎర్రగా ఉంది. చేదు లేదు. నాన్నగారు ఆ సాయంత్రమే నన్ను వాళ్ళ పెరట్లోకి తీసుకువెళ్ళారు. అంటు కట్టుకుంటామని అడిగితే ఆశీర్వాదం సరేనన్నాడు. ఆ వానలు వెళ్ళేలోపు ఇరవై కట్టాం. చెట్టుకి ఏమీ కాలేదు.

అది మంచి రకమని గుర్తించింది నాన్నగారు. ఆయన గుర్తించకపోతే అది పాలవెల్లికి కట్టే కాయగానే ఉండిపోయేది. కాబట్టి ఆయన పేరు పెట్టడంలో పూర్తి అబద్ధం లేదు.

జూన్ 14

అంటు కట్టే జట్టులో కొత్తగా ముగ్గురు చేరారు. వాళ్ళకి నేర్పుతున్నది దేవకుమారి. ఆశీర్వాదం భార్య. ఆరేళ్ళ క్రితం ఆయన పోయాక కూడా పని మానలేదు. మొత్తం ఇరవై రెండేళ్ళుగా మా దగ్గర ఉంది. జట్టుకి పెద్ద.

షెడ్డు పక్కన నిలబడి విన్నాను. చిటికెన వేలంత కొమ్మ చూసుకోవాలి, అంగుళం మేర చుట్టూ బెరడు తీయాలి, తడి కొబ్బరిపొట్టు పెట్టి ప్లాస్టిక్ కాగితం చుట్టి రెండు పక్కలా బిగించాలి, యాభై రోజులకి అందులో వేళ్ళు వస్తాయి, అప్పుడు కొమ్మ కోసి కవరులో పెట్టాలి అని చెబుతోంది.

"కర్రలోకి దిగకమ్మా. చేతికున్న గాజు తీసినట్టు మెల్లిగా తియ్యాలి," అంది.

"మా అత్తగారు అలాగే తీసిందండి. మళ్ళీ ఇవ్వలేదు," అంది వీరదుర్గ అనే కొత్తావిడ.

అందరూ నవ్వారు. దేవకుమారి కూడా నవ్వింది. తర్వాత ఒక్కో చెట్టుకి మూడో వంతు కొమ్మలు మించి కట్టవద్దని చెప్పింది. ఎందుకని వీరదుర్గ అడిగింది.

"బెరడు తీస్తే ఆకు చేసిన తిండి కిందికి దిగదు. అన్ని కొమ్మలకీ తీస్తే వేళ్ళు పస్తుంటాయి," అంది.

నేను అక్కడి నుంచి వచ్చేశాను. లారీ వచ్చింది.

జూన్ 18

నర్సరీ చివర, గట్టు వెంబడి ఉన్న పంపర వరసను శుభ్రం చేయించమని దేవకుమారికి చెప్పాను. ఎందుకని అడిగింది. ఆఫీసరు గారు తల్లిచెట్టు చూడటానికి వస్తున్నారని చెప్పాను.

"అలాగేనండి," అంది.

ఆవిడ మొహంలో ఏమీ కనిపించలేదు. నేను సరిగ్గా చూడలేదు కూడా.

ఆవిడకి ఏడాది పొడుగునా పని ఇచ్చాను. వాళ్ళమ్మాయి ప్రిస్కిల్లాకి బళ్ళో టీచరు ఉద్యోగం కోసం నేనే వెళ్ళి కరస్పాండెంటుతో మాట్లాడాను. ఆశీర్వాదం పోయినప్పుడు నర్సరీ ఒకరోజు మూశాను. ఇవి నిజాలు.

రెండో ఏడు అరవై అంటు కట్టాం. అప్పుడూ చెట్టు బాగానే ఉంది.

జూన్ 22, ఆదివారం

భోజనాల దగ్గర ఉషారాణి అడిగింది.

"ఆశీర్వాదం వాళ్ళింట్లో ఒక పంపర చెట్టు ఉండేది కదా. ఏమైందది?"

తుఫానుకి పోయిందన్నాను.

"ఏ తుఫానండీ? లైలాకి మన షెడ్డు రేకు కూడా కదల్లేదు."

వయసైపోయిన చెట్టన్నాను. ఆవిడ పులుసు వడ్డించి ఊరుకుంది. ఆ చెట్టుకి అప్పుడు పద్నాలుగేళ్ళు. పంపర చెట్టు నలభై ఏళ్ళు కాస్తుంది. ఆ సంగతి ఉషారాణికీ తెలుసు.

మూడో ఏడు కాస్త ఎక్కువ కట్టాం.

జూన్ 25

ఆఫీసరు గారు పదకొండింటికి వచ్చారు. నలభై దాటి ఉండవు. మర్యాదస్తుడు, తొందర లేదు. కాఫీ తర్వాత వరస దగ్గరికి వెళ్ళాం. మొదటి చెట్టును తల్లిచెట్టని చూపించాను. ఆకులు కొలిచారు, ఫోటోలు తీశారు. నాన్నగారు ఏ ఏడు గింజ వేశారని అడిగారు. తొంభై ఆరు అన్నాను. ఆశీర్వాదం వేసిన ఏడు అది.

ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, మొదట్లో మట్టి కొంచెం తీయిస్తారా అన్నారు. ఇద్దరు మనుషులు గునపంతో ఒక పక్క తవ్వారు. ఒక మూర లోతు, తర్వాత ఇంకొంచెం. ఆయన గుంటలో దిగి చేత్తో తడిమి చూశారు.

"తల్లివేరు లేదండి," అన్నారు.

పైకి వచ్చి చేతులు దులుపుకున్నారు.

"గింజ మొక్కకి తల్లివేరు ఉంటుంది, నిలువుగా కిందికి. ఇవన్నీ పక్క వేళ్ళు. ఇది అంటు మొక్కండి. ఫారంలో గింజ నుంచి పెంచిన చెట్టని రాశారు."

ముప్ఫై ఏళ్ళుగా అంటు మొక్కలు అమ్ముతున్నాను. అంటు మొక్కకి తల్లివేరు ఉండదని కొనడానికి వచ్చిన ప్రతి రైతుకీ చెబుతాను, గాలికి ఊతం పెట్టుకోమని. ఈ చెట్టు విషయంలో అది నాకు గుర్తు రాలేదు. నాన్నగారు గింజ వేశారని అన్నిసార్లు చెప్పాను.

అసలు చెట్టు ఎక్కడుందని ఆయన అడిగారు. నన్ను కాదు, గునపం పట్టుకున్నవాళ్ళ వెనక నిలబడ్డ దేవకుమారిని. "అమ్మా, మీరు ఇక్కడ పాతవాళ్ళు కదా?"

"పెద్దాయన చెట్టేనండి," అంది దేవకుమారి. "షెడ్డు కట్టకముందు ఆ మూల ఉండేది. తుఫానుకి పడిపోయింది. దాని అంటు మొక్కే ఇది."

తడబాటు లేదు. ఆయన రాసుకున్నారు. అసలు చెట్టు చూసినవాళ్ళ సాక్ష్యం కావాలని ఒక కాగితం తీశారు. దేవకుమారి చేతులు కొంగుతో తుడుచుకుని సంతకం చేసింది. అది రెండో సాక్షి గడి. మొదటి సాక్షి గడిలో నేను చేశాను.

జూన్ 26

ఉషారాణి అన్నవరం వెళ్ళి వ్రతం చేయిద్దామంది. నమోదు చేతికి వచ్చాక చూద్దామన్నాను.

గుంట పూడ్పించాను.

జూన్ 27

మధ్యాహ్నం అన్నాల వేళ దేవకుమారిని షెడ్డు దగ్గరికి పిలిచాను. అలా ఎందుకు చెప్పావని అడిగాను. నాకోసం చెప్పిందనుకున్నాను. పని పోతుందన్న భయం అనుకున్నాను. రెండింటికీ జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాను.

"మా ఆయన పేరు చెబితే, చెట్టేది అంటారండి," అంది. "చచ్చిపోయిందంటే, ఎలా అంటారు. ఆ కొమ్మలన్నీ కట్టింది నేనే కదండి."

ఆవిడ కొంగు నడుముకి దోపుకుంది.

"మా ఆయన ఊడ్పుల నుంచి వచ్చి చూశారండి. నన్నేమీ అనలేదు. రెండు కట్లు విప్పి, బెరడు మళ్ళీ పడుతుందేమోనని పాత పంచె చింపి చుట్టారు. ఎండిపోయాక కూడా నీళ్ళు పోసేవారు. ఆ ఏడంతా పోశారు. పోయేదాకా ఒక్కసారి కూడా అడగలేదండి, ఎందుకు కట్టావని."

అన్నం చల్లారిపోతుందని వెళ్ళిపోయింది.

జూన్ 28

2009 జూలైలో జరిగింది ఇది. ఇంతకుముందు రాసినదాన్ని దీనితో సరిచూసుకోవాలి.

హైదరాబాదు పార్టీ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. అప్పటికి మా వరసలో మొక్కలు చిన్నవి, అంటుకి కొమ్మలు లేవు. ఉన్నది ఆశీర్వాదం చెట్టు ఒక్కటే. ఆశీర్వాదం ఊడ్పుల జట్టుతో పెనుగొండ వైపు వెళుతూ మా దగ్గరికి వచ్చి చెప్పాడు. "కట్టుకోండి బాబుగారూ. పైన రెండు కొమ్మలు మాత్రం ఉంచండి." సరేనన్నాను. నాన్నగారు అప్పుడు రాజమండ్రి ఆస్పత్రిలో ఉన్నారు. ఆయనకి ఏమీ తెలియదు. ఆ సంగతి కూడా రాయాలి.

'కాస్త ఎక్కువ' అని రాశాను. నూట తొంభై కట్టాం. మూడు రోజులు పట్టింది. నిచ్చెన మీద దేవకుమారి, కింద నేను. మూడో రోజు సాయంత్రం పైన రెండు కొమ్మలు మిగిలాయి. వాటి మీద పదహారు కట్లు పడతాయి. ఆవిడ దిగబోయింది. పైవి కూడా కట్టెయ్ అన్నాను. "ఆయన ఉంచమన్నారండి," అంది. నేను మాట్లాడి చెబుతానన్నాను.

మాట్లాడలేదు. పదేళ్ళు ఆయన ఎదురుపడ్డాడు. ప్రతి వేసవీ మట్టి తోలాడు. ట్రాక్టరు దిగి నమస్కారం పెట్టేవాడు.

పదిహేడు రోజులుగా ఈ పుస్తకంలో నాన్నగారి గురించే రాశాను.

జూన్ 30

ఆఫీసరు గారికి ఫోన్ చేశాను. సాక్ష్యాలు రెండూ తప్పని చెప్పాను. ఆయన నెమ్మదిగా వివరించారు. ఇప్పుడున్న దరఖాస్తు రద్దవుతుంది. నిజంగా పెంచిన మనిషి లేకపోతే వారసులు కొత్తగా పెట్టుకోవాలి. నమోదు అయితే హక్కు వాళ్ళది.

"అంటే మీరు అంటు కట్టుకోవాలన్నా వాళ్ళ అనుమతి కావాలండి. ఆలోచించుకున్నారా?"

ఆలోచించుకున్నానన్నాను. ఆలోచించలేదు. ఆలోచిస్తే ఫోన్ చేసేవాణ్ణి కాదు.

ఉషారాణికి చెప్పాను. చాలాసేపు వత్తులు చేసుకుంటూ కూర్చుంది. "ఆ ఉత్తరం దేవుడి దగ్గర నుంచి తీసెయ్యనా?" అంది చివరికి. తీసేయమన్నాను.

జూలై 3

కొత్త ఫారం తెప్పించి నేనే నింపాను. నాలుగు కాగితాలు చింపాల్సి వచ్చింది.

పెంచినవారు: ఆశీర్వాదం. గింజ వేసిన సంవత్సరం: 1996. స్థలం: వారి ఇంటి పెరడు.

అసలు చెట్టు ప్రస్తుత స్థితి అని ఒక గడి ఉంది. అందులో ఇలా రాశాను: "2010లో ఎండిపోయింది. కారణం: 2009లో ఒక్క కొమ్మ కూడా మిగల్చకుండా అంటు కట్టించడం. కట్టించినది: నర్సరీ యజమాని సురేష్‌బాబు."

సాక్ష్యాలు ఉపసంహరించుకుంటున్నట్టు విడిగా ఇంకో కాగితం రాశాను. దేవకుమారి నా కింద పనిచేసే మనిషి కాబట్టి, నా ఎదుట నా మాట కాదనలేక సంతకం చేసిందని అందులో ఉంది. ఆవిడ నాతో చెప్పిన కారణం అది కాదు. కానీ నేను అక్కడ నిలబడి ఉన్నాను, ఆపలేదు. ఈ మాట అబద్ధం కాదనుకుంటున్నాను.

జూలై 6, ఆదివారం

చర్చి వదిలాక వాళ్ళింటికి వెళ్ళాను. పదహారేళ్ళ తర్వాత. పెరటి వైపు గోడ కట్టేశారు. ప్రిస్కిల్లా కుర్చీ వేసింది. దేవకుమారి లోపల ఉంది.

"ఇవాళ చర్చిలో అమ్మ సంస్కారం రొట్టె, ద్రాక్షారసం తీసుకోలేదు సార్," అంది ప్రిస్కిల్లా. "నెలకి ఒక్క ఆదివారం ఇస్తారు. అందరూ లేచి ముందుకి వెళ్ళారు, అమ్మ బల్ల మీదే కూర్చుండిపోయింది. ఏమైందంటే, అబద్ధ సాక్ష్యం పలికాను, ఎలా తీసుకుంటానంది. ఆఫీసరు ఎదురుగా ఏం చెప్పిందో అప్పుడు చెప్పింది."

కాగితాలు ఇచ్చాను. ప్రిస్కిల్లా నిలబడే చదివింది. నాలుగు పేజీలూ చదివి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"ఇది ఇప్పుడెందుకు రాశారు సార్? ఆఫీసరు గారు తవ్వించారనా?"

"అవునమ్మా."

"తవ్వకపోతే?"

"రాసేవాణ్ణి కాదు."

ఆ అమ్మాయి తల ఊపింది. మెచ్చుకోవడం కాదు. లెక్క సరిచూసిన టీచరు తల ఊపినట్టు ఊపింది.

దేవకుమారి కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. బైబిలు చదివేటప్పటిలాగా వరస కింద వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది. ఒక చోట వేలు ఆగింది.

"కట్టించినది అని రాశారు."

"అవును."

"కట్టినది అని కూడా రాయాలి కదండి. నా పేరు."

"అక్కర్లేదండి. మీరు వద్దన్నారు, నేను కట్టించాను," అన్నాను.

ఆవిడని ఎప్పుడూ 'మీరు' అనలేదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ముగ్గురం విన్నాం.

ఆశీర్వాదం అడగని ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది నేనని, ఆవిడ కాదని, చెబుదామనుకుని వెళ్ళాను. అది చెప్పడం కుదరలేదు. క్షమించమని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆవిడ సరేననాలి, నేను యజమానిని. అందుకని అడగలేదు. అందుకనేనో, ధైర్యం లేకనో.

సాక్ష్యం వెనక్కి తీసుకునే కాగితం మీద ఆవిడ అప్పుడే సంతకం చేసింది. దరఖాస్తు మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. చూసి చెబుతానంది.

జూలై 7

దేవకుమారి పనికి రాలేదు.

జూలై 8

రాలేదు. జట్టులో ఎవరూ కారణం అడగలేదు. వీరదుర్గ కట్టిన అంటుల్లో సగం వదులుగా ఉన్నాయి.

సాక్ష్యాల కాగితం రిజిస్టరు పోస్టులో పంపాను. రసీదు ఈ పుస్తకంలోనే పెట్టాను.

జూలై 9

రాలేదు. బెంగళూరు పార్టీ ఫోన్. రెండు వేల పంపర అంటులు, సెప్టెంబరు మూడో వారానికి. ఈ వారం కట్టడం మొదలుపెడితేనే అందుతాయి. రేపు చెబుతానన్నాను.

ఆ వరస ఎలాగూ నా భూమిలో ఉంది, దరఖాస్తు ఇంకా ఎవరి పేరా నమోదు కాలేదు, ఈ ఒక్క ఏడు కట్టుకోవడంలో తప్పు లేదని మధ్యాహ్నం ఒక గంట నిజంగానే అనుకున్నాను. అనుకున్నానని రాయడం తప్ప ఇంకేం చేయలేను.

జూలై 11

దేవకుమారి గారు ఎనిమిదింటికి వచ్చారు. నేరుగా ఆఫీసు గదిలోకి వచ్చి కూర్చున్నారు. దరఖాస్తు మీద ఆవిడ సంతకం, ప్రిస్కిల్లా సంతకం ఉన్నాయి. రకం పేరు రాసే గడి ఖాళీగా ఉంది. ఏం పేరు రాయమంటారని అడిగాను.

"ఇంకా అనుకోలేదండి. తొందరేముంది," అన్నారు.

తర్వాత అంటు కత్తి బల్ల మీద పెట్టారు. కొయ్య పిడి అరిగి ఆవిడ బొటనవేలి ఆకారానికి వచ్చేసింది.

"ఇక అంటు నేను కట్టనండి. పని మానను. కవర్లలో మట్టి నింపుతాను. వీరదుర్గకి నేర్పడం కూడా వేరేవాళ్ళకి చెప్పండి."

సరేనన్నాను. ఆవిడ లేవలేదు.

"ఆ పంపర వరస జోలికి ఈ ఏడు ఎవరినీ వెళ్ళనివ్వకండి."

బెంగళూరు ఆర్డరు ఉందని చెప్పాను. ఆ మాట ఎందుకు అన్నానో తెలియదు. నోరు అలవాటు కొద్దీ అనేసింది.

"తెలుసండి," అన్నారు.

"వచ్చే ఏడు?"

"వచ్చే ఏడు మా ఇంటికొచ్చి అడగండి. ఆలోచించుకుని చెబుతాను."

జూలై 12

వరస పొడవునా తాడు కట్టించాను. దేవకుమారి గారు ఆడవాళ్ళతో కలిసి ఎర్రమట్టీ ఎరువూ కలుపుతున్నారు. నేను ఆ పక్కకి వెళ్ళలేదు.

అంటు కత్తి సొరుగులో ఉంది.

జూలై 14

బెంగళూరు పార్టీ మళ్ళీ ఫోన్ చేశారు. పంపర అంటులు ఈ ఏడు ఇవ్వలేనని చెప్పాను. వానలు సరిగ్గా లేవా, తెగులు పట్టిందా అని అడిగారు. రెండూ కాదన్నాను. రేటు గురించైతే మాట్లాడుకుందాం అన్నారు. అదీ కాదు, చెట్టు గలవాళ్ళు ఒప్పుకోలేదన్నాను.

"అదేంటండి, మీ నాన్నగారి చెట్టే కదా," అన్నారు.

కాదన్నాను.